సుస్థిర అభివృద్ధి సూచికలు, 3వ పాఠం: జాతీయ సూచికను పంచాయతీతో జతచేయడం

గత పాఠంలో ఒక సూచికను లవం, హారం, ప్రమాణం, కాలవ్యవధిగా విడదీసి చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు జాతీయ సూచికకు పంచాయతీ స్థాయిలో సరైన జతను వెదకడం నేర్చుకుందాం. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2018లో 306 సూచికలతో జాతీయ చట్రాన్ని రూపొందించింది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను 9 ఇతివృత్తాలుగా కుదించి, వాటి ఆధారంగా పంచాయతీ అభివృద్ధి సూచీని తయారుచేసింది. ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి, పేర్లు కలిసిన వరుసలను జతచేస్తే పని అయిపోయిందనుకోవడం మామూలే. కానీ పేరు కలిసినంత మాత్రాన కొలత కలవదు.

మొదట తేలికైన జతను చూద్దాం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం ఇంటి కుళాయి ద్వారా మనిషికి రోజుకు 55 లీటర్ల నాణ్యమైన నీరు క్రమం తప్పకుండా అందాలి. నీరు అలా అందుతున్న ఇళ్లు లవం, మొత్తం ఇళ్లు హారం. ఈ లెక్క ఊరికీ, మండలానికీ, రాష్ట్రానికీ ఒకటే కనుక కింది అంకెలు నేరుగా పైకి కూడుతాయి. అయితే కూడవలసినవి శాతాలు కావు. 200 ఇళ్లున్న ఊరిలో 180 ఇళ్లకు, 1,800 ఇళ్లున్న ఊరిలో 900 ఇళ్లకు నీరు వస్తుంటే, 90కీ 50కీ సగటు తీసి 70 శాతం అని రాయడం తప్పు. లవాలను, హారాలను విడివిడిగా కూడి భాగిస్తే 54 శాతమే వస్తుంది. పైగా ప్రపంచ సూచిక నీరు కలుషితం కాకూడదని కూడా అడుగుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటికి కుళాయి బిగించినా ప్రయోజనం లేదని నల్గొండ ప్రాంతం వారికి వేరే చెప్పనవసరం లేదు. అందువల్ల కుళాయిల వరుస పక్కనే నీటి పరీక్ష ఫలితాల వరుస ఉండాలి.

అసలు చిక్కు మాతృ మరణాల నిష్పత్తితో వస్తుంది. 2030 నాటికి లక్ష సజీవ జననాలకు ఇది 70 లోపు ఉండాలన్నది ప్రపంచ గమ్యం. 2018-20 శాంపిల్ రిజిస్ట్రేషన్ (ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాల నమోదు) లెక్కల్లో దేశానికి 97, ఆంధ్రప్రదేశ్‌కు 45, తెలంగాణకు 43 వచ్చాయి. మూడేళ్ల సమాచారాన్ని కలిపితే గాని రాష్ట్రానికే నిలకడైన అంకె రాదు. ఏటా 50 కాన్పులయ్యే పంచాయతీలో ఇదే సూత్రం వాడితే, ఒక తల్లి మరణించిన ఏడు 2,000 అనీ, మరుసటి ఏడు సున్నా అనీ వస్తుంది. ఊళ్లో మరణం సంభవిస్తే దానిని నిష్పత్తిగా మార్చకుండా, ఎందుకు జరిగిందో విచారించాలి. సూచికగా మాత్రం మరణానికి ముందున్న కారణాలలో ఊళ్లో లెక్కించగలిగినదాన్ని ఎంచుకోవాలి: 12 వారాల్లోపు గర్భం నమోదు, నాలుగు పరీక్షలు, రక్తహీనత, ఆసుపత్రి కాన్పు. తెలుగు రాష్ట్రాల్లో ఆసుపత్రి కాన్పులు ఇప్పటికే సుమారు 97 శాతం కనుక ఆ వరుస ఊరికీ ఊరికీ తేడా చూపదు. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కాబట్టి, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువ ఉన్న గర్భిణుల శాతాన్నే నేను ఎంచుకుంటాను.

ఇక హారం. జననం జరిగిన చోటే నమోదవుతుంది. పట్టణ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ మున్సిపాలిటీ రిజిస్టరులోకి వెళతాడు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ లెక్కను ఇంకా చెదరగొడుతుంది. అందుచేత పంచాయతీ జనన రిజిస్టరును కాక, ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) దగ్గరి గర్భిణుల రిజిస్టరును హారంగా తీసుకుని, పుట్టింటికి వచ్చినవారిని మెట్టినూరి లెక్కలోనే ఉంచాలి.

తలసరి జీడీపీ వృద్ధి వంటి కొన్ని సూచికలకు పంచాయతీలో జత ఉండదు. ఆ గడిని ఖాళీగా వదలండి.

అభ్యాసం: 4వ లక్ష్యం (నాణ్యమైన విద్య) నుంచి ఒక సూచికను తీసుకుని, అది నేరుగా కూడేదా, కారణాన్ని బట్టి జతచేయవలసినదా, జతలేనిదా తేల్చండి. తర్వాత మీ ఊరి బడిలో దాని హారం ఏ రిజిస్టరులో దొరుకుతుందో, ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుందో రాయండి. 4వ పాఠంలో ఆధార సంవత్సరాన్ని ఎంచుకుంటాం.