తాగుడు మానేసి ప్రభువులోకి వచ్చినంక మళ్ల పాత దారి గుంజుతుంటే ఏం చేయాలె?

బాప్తిస్మం తీసుకున్న రోజు అందరికీ బాగనే ఉంటది. తెల్ల బట్టలు, పాటలు, సంఘం మొత్తం వచ్చి వందనాలు బ్రదర్ అని చేతులు పట్టుకునుడు, ఇంటికొచ్చేసరికి మటన్ కూర వాసన. నాకు అసలు తిప్పలు మిర్చి సీజన్‌ల మొదలైంది. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల ఒక అడ్తి దుకాణంల లెక్కలు రాస్త, ఫిబ్రవరి వచ్చిందంటే యార్డు మొత్తం ఎర్రగ అయితది, ఘాటుకు తుమ్ముకుంట తుమ్ముకుంట పొద్దుమీకె దాక కాంటాలు, పని అయినంక గొంతు మండుతుంటది, జేబుల పైసలుంటయి, పక్కన "రా బావా, ఒక్క క్వార్టరే" అనేటోడు ఉండనే ఉంటడు. ఏడు నెలలు ముట్టనోన్ని ఆ ఒక్క సీజన్‌ల రెండుసార్లు పడ్డ. నేను పాస్టర్‌ను కాదు, పడి లేచినోన్ని, నాకు పనికొచ్చినయి రాస్తున్న అంతే.

తాగుడు అని రాస్తున్న గని మీ దగ్గర అది పేకాట కావచ్చు, ఫోన్‌ల బెట్టింగ్ కావచ్చు, ఇంట్ల ఆడోళ్ల మీద చెయ్యి లేపుడు కావచ్చు. లెక్క ఒకటే.

ముందుగాల ఒక ముచ్చట

రోజూ తాగేటోళ్లు, పొద్దున లేవంగనే చేతులు వణికేటోళ్లు, ఉపవాస ప్రార్థనల కూసొని ఒక్కసారే బంద్ పెట్టకుర్రి. ఏండ్ల సంది తాగిన ఒళ్లు మందు ఆగంగనే మొదటి రెండు మూడు రోజులల్ల ఫిట్స్ తెచ్చుకుంటది, లేనియి కనవడ్డట్టు మాట్లాడుతరు, పానం మీదికి కూడ వస్తది. దయ్యం పట్టింది అని ప్రార్థన చేసుకుంట కూసోకుండ ముందు ఎంజీఎం అసొంటి పెద్ద దవాఖానకు తీస్కపోవుర్రి. డాక్టర్ గోలీలు ఇస్తడు, దినాల లెక్కన తగ్గిస్తడు. ఫోన్‌లనే అడగాల్నంటే తాగుడు, మత్తు మాన్పించే సర్కారు హెల్ప్‌లైన్ 14446 ఉంది, పైసలు పడయి. గోలీ మింగితే విశ్వాసం తగ్గినట్టు కాదు, లూకా కూడ వైద్యుడే కదా.

1. గుంజినప్పుడు బెదరకుర్రి

మనసు అటు పోంగనే "అయ్యో నాకు రక్షణనే లేదేమో" అనుకుంటం, అట్ల అనుకున్నంక ఇగ తాగితే ఏమైతది అనిపిస్తది, నేను మొదటిసారి పడ్డది గిట్లనే. శోధన వచ్చుడు వేరు, పడుడు వేరు. యేసు ప్రభువుకే అడవిల 40 దినాలు శోధన వచ్చింది. మొదటి కొరింథీ 10:13ల దేవుడు శోధనతోని పాటు తప్పించుకునే మార్గం కూడ పెడతడని ఉంటది, చానమంది ఆ వచనం కంఠతా చెప్తరు గని ఆ మార్గం ఏడున్నదో ఎతుకరు. నాకైతే అది నిజంగ ఒక సందే, ముంగట చెప్త.

2. పాత దినాల పూర్తి లెక్క రాయుర్రి

ఇశ్రాయేలోళ్లు ఐగుప్తుల బానిసలు, ఇటుకలు చేసి చేసి నడుములు ఇరిగినోళ్లు. ఎర్రసముద్రం దాటి అరణ్యంలకు వచ్చినంక వాళ్లకు ఏం యాదికొచ్చింది? సంఖ్యాకాండం 11:5 చూడుర్రి, చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిగడ్డలు, తెల్లగడ్డలు. పైంగ "ఉచితంగ తిన్నం" అంటరు! కొరడా దెబ్బలు యాదికి రాలే, నైలు నదిల పారేసిన మగపిల్లలు యాదికి రాలే, ఉల్లిగడ్డ యాదికొచ్చింది. మన మనసు కూడ గదే పని చేస్తది. ఎండాకాలం పొద్దుమీకంగ చల్లటి బీరు, దోస్తుల నవ్వులు, గవే సూపెడతది.

అందుకే ఒక కాయితం మీద రెండు వైపులా రాయుర్రి. ఒక దిక్కు ఏం మజా వచ్చిందో రాయుర్రి, అబద్ధం రాయకుర్రి, మజా ఉండె కాబట్టే తాగినం. ఇంకో దిక్కు ఏం పోయిందో. నేను అడ్తి లెక్కలు రాసేటోన్ని కదా, నాకిది సులువైంది. బిడ్డ స్కూల్ ఫీజు కట్టాల్సిన పైసలు, మా అవ్వ పుస్తెలతాడు కుదువ పెట్టుడు, నర్సంపేటల మా మామ ఇంటి ముంగట పడిపోతే బామ్మర్ది ఎత్తుకొచ్చుడు, తెల్లారి బిడ్డ నా పక్కన కూసోకుండ పొయ్యి వాళ్ల అమ్మ ఎనక నిలవడ్డది. ఆ చిట్టీ ఇప్పటికీ బైబిల్‌ల ఉంది. గుంజినప్పుడు ఒకసారి చదువుత.

3. సీసా కాడ కాదు, సందు కాడ కొట్లాడుర్రి

నా మొత్తం ముచ్చటల అసలుది ఇదే. సీసా మూత తీసినంక ప్రార్థన చేసుడు చానా కష్టం, నాతోనైతే ఒక్కసారి కూడ కాలే. గని మూత దాక పొయ్యేటందుకు ముందట ఐదారు చిన్న చిన్న పనులు ఉంటయి, అవి ఎవ్వలకూ పాపం లెక్క కనవడయి. నాయి చెప్త. మధ్యాహ్నం సరిగ్గ తినకపోవుడు. సాయంత్రం కూలి పైసలు పంచినంక నా వాటా జేబుల పెట్టుకునుడు. ఇంటికి ఫోన్ చేసి "లేట్ అయితది" అనుడు. ఫలానోని బండి ఎక్కుడు. పర్మిట్ రూమ్ ఉన్న దారి పట్టుడు, మొక్కజొన్న కంకి కొనుక్కుంటనని వైన్స్ ముంగట ఆగుడు. కంకి కోసమే ఆగిన అని నాకు నేనే చెప్పుకునేటోన్ని సూడుర్రి!

అందుకని ఎనకకెల్లి లెక్క పెట్టుకుంట వచ్చిన. ఇప్పుడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మొత్తం తింట, ఆకలి కడుపుకు మందు తొందరగ గుర్తుకొస్తది. పైసలు చేతికి రాంగనే యార్డులనే ఉండి నా భార్యకు ఫోన్‌పే కొడత, పెట్రోల్‌కు వంద ఉంచుకుంట. ఎవ్వని బండి ఎక్క. ఇగ సందు ముచ్చట, మా ఇంటికి దగ్గరి దారిల వైన్స్ ఉంది, చుట్టు తిరిగి పోతే పది నిమిషాలు ఎక్కువ పడతది గని ఆ దారిల చర్చి, ఒక చాయ్ బండి తప్ప ఏం లేదు. రెండేండ్ల సంది ఆ చుట్టు దారే. తప్పించుకునే మార్గం అంటే నాకు గదే.

మీరు కూడ మీ చివరిసారి పడ్డ రోజును తీసుకొని సాయంత్రం కాడికెల్లి పొద్దున దాక ఎనకకు నడువుర్రి. ఏ పని కాడ "ఇగ అయిపాయె" అని లోపల తెలిసిందో దానికంటే ఒక మెట్టు ముందట అడ్డం పెట్టుర్రి. బెట్టింగ్ అయితే ఆప్ తీసేసుడు చాలది, రాత్రి ఫోన్ వేరే అర్రల పెట్టాలె, బ్యాంక్ ఓటీపీ భార్య నంబర్‌కు పోవాలె.

4. ఖాళీ అయిన గంట నింపుర్రి

మత్తయి 12ల యేసు చెప్పిన ఇల్లు యాదుందా, ఊడ్చి అలంకరించి ఖాళీగ ఉంచిన ఇల్లు? పోయిన దయ్యం ఇంకో ఏడింటిని ఎంటేసుకొని వచ్చింది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది నాకు గదే ఖాళీ ఇల్లు. సంఘంల డోలక్ నేర్చుకున్న, చానా అధ్వాన్నంగ కొడత, పాట ఒక దిక్కు నేను ఒక దిక్కు, గని గంట గడుస్తది.

మన పక్కన డోర్నకల్‌ల 1912ల బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్, కొత్తగ బాప్తిస్మం తీసుకున్నోళ్లతోని తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని అనిపించేటోడంటరు. చదువు రాని కూలోళ్లకు కూడ మొదటి రోజే పని అప్పజెప్పుడన్నట్టు. మన దగ్గర కొత్తోన్ని ఎనక కుర్చీల కూసోవెట్టి యాడాది దాక పేరు కూడ అడగం. మీకు ఎవ్వలు పని ఇయ్యకపోతే మీరే అడుగుర్రి, కుర్చీలు ఏసుడైనా సరే, చాప పరుసుడైనా సరే.

5. ఒక్కనికి నిజం చెప్పుర్రి

మైక్ ముంగట సాక్ష్యం కాదు. నన్నైతే రెండో నెలకే మైక్ ఇచ్చి నిలవెట్టిర్రు, అందరు చప్పట్లు కొట్టిర్రు, తర్వాత పడ్డప్పుడు ఆ చప్పట్ల సిగ్గుకే మూడు వారాలు చర్చి మొకం చూడలే. ఒక పెద్దమనిషిని పట్టుకొని మొత్తం చెప్పుర్రి, నోరు జారనోన్ని చూసుకొని. మా కాకా ఒకాయన ఉండు, రోజు ఏడున్నరకు ఫోన్ చేసి "కాంటా అయిందా?" అంటడు. అయింది అంటే ఇంటికాడ ఉన్న అన్నట్టు. "నడుస్తుంది కాకా" అన్ననంటే గుంజుతుంది అని, ఆయన బండేసుకొని వస్తడు. పక్కన ఎవ్వలున్నా తెల్వదు.

6. దావత్‌లల్ల

చుట్టాలను బంద్ చేసుకోకుర్రి. దసరాకు జమ్మి ఆకు పట్టుకొని వచ్చిన మా అన్నను "నేను క్రిస్టియన్" అని గడప కాడ నిలవెడితే అది విశ్వాసం కాదు, పొగరు. నేను పోత, అలాయ్ బలాయ్ తీసుకుంట, అన్నం తింట, సీసాలు బయటికి రాకముందే లేస్త. బలవంతం చేస్తే పెద్ద వాక్యం చెప్పొద్దు, తాగినోనితోని వాదన పెట్టుకుంటే అర్ధగంటల వాని పక్కన గ్లాస్ పట్టుకొని ఉంటరు. "నాకు పడదు బావా, ముక్కలు ఇటెయ్యి" అంటే అయిపాయె.

7. పడ్డంక

ఆ రాత్రి ఏం తీర్మానాలు చేయొద్దు, పండుకోవాలె. తెల్లారి ఇంట్ల ఒప్పుకోవాలె, కాకాకు ఫోన్ చేయాలె, ఆదివారం పోవాలె. ఆ ఆదివారం తప్పితే రెండోది తప్పుడు సులువు, మూడోది యాదికే రాదు.

రెండో తిమోతి 4ల రెండు వచనాలు పక్కపక్కనే ఉంటయి. పదోదాంట్ల దేమా, లోకాన్ని స్నేహించి పౌలును ఇడిసిపెట్టి థెస్సలొనీకకు పోయిండు. పదకొండోదాంట్ల మార్కు, "వెంటబెట్టుకొని రా, నాకు పనికొస్తడు" అంటడు పౌలు. గీ మార్కు కూడ ఒకప్పుడు పెర్గే కాడ మధ్యలనే ఇడిసిపెట్టి ఇంటికి పోయినోడే, ఆయన గురించే పౌలు, బర్నబా కొట్లాడి ఇడిపోయిర్రు. ఫిలేమోను పత్రిక రాసేనాటికి మార్కు, దేమా ఇద్దరు ఒక్క లైన్లనే ఉన్నరు, తోటి పనివాళ్లని. అప్పుడు చూసినోడు ఎవ్వడు దేమా అయితడో, ఎవ్వడు మార్కు అయితడో చెప్పలేకపోవు. మార్కుకైతే బర్నబా ఉండె, వాపస్ వచ్చినంక ఎంటేసుకొని పోయిండు.

గందుకే మీ సంఘంల ఎవ్వడన్న రెండు ఆదివారాలు కనవడకపోతే "ఎందుకు వస్తలేవు" అని ఫోన్ చేయకుర్రి, ఆ ప్రశ్నకు వాని దగ్గర జవాబు ఉంటే వచ్చేటోడే. మా కాకా ఆ మూడో వారం ఇంటికొచ్చి చెప్పులు ఇడిసి అరుగు మీద కూసొని "తిన్నవారా?" అన్నడు. లేదన్న. "నాకు కూడ ఆకలైతుంది, ఇంత పెట్టుమను" అన్నడు.