ఎండాకాలం షిఫ్టుల్లో నైట్రోఅనిలిన్ (పీఎన్ఏ, ఓఎన్ఏ)తో పనిచేసేవాళ్ళు జాగ్రత్త

ఎండలు ముదురుతున్నాయి, పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ ఎక్కడైనా సరే, మీ ప్లాంట్‌లో నైట్రోఅనిలిన్ (రంగుల తయారీలాంటి వాటిలో వాడే రసాయనం) ఉంటే ఇది చదివి కాంట్రాక్ట్ లేబర్‌కి కూడా చెప్పండి, డ్రమ్ములు దించేదీ బ్యాగులు కోసి రియాక్టర్‌లో పోసేదీ ఎక్కువగా వాళ్ళే కదా.

ఇందులో మూడు రకాలు. ఫార్ములా ఒకటే, నైట్రో గ్రూప్ ఉన్న చోటే వేరు. ఆర్థో (ఓఎన్ఏ) 71 డిగ్రీలకే కరుగుతుంది, మెటా 114 దగ్గర, పారా (పీఎన్ఏ) 147 దగ్గర. మూడూ పసుపు, ఆరెంజ్ పొడులే, మూడూ రక్తం మీదే దెబ్బకొడతాయి. హిమోగ్లోబిన్‌ని మెథెమోగ్లోబిన్‌గా మార్చేస్తాయి, అది ఆక్సిజన్ మోయలేదు.

మాస్క్ పెట్టుకున్నాం చాల్లే అనుకోవద్దు, ఇది చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది, చెమట పట్టిన మెడ మీదో గ్లౌజ్ లోపలో పొడి అంటుకుందంటే ఇంకా తేలిగ్గా. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం, భద్రత చూసే సంస్థ నయోష్ పీఎన్ఏకి పెట్టిన లిమిట్ క్యూబిక్ మీటర్ గాలికి 3 మిల్లీగ్రాములు, దాని పక్కనే 'స్కిన్' అని విడిగా హెచ్చరిక కూడా పెట్టారు.

నాకు అన్నిటికంటే భయం వేసేది ఒకటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, నీరసం, ఇవన్నీ చూసి వడదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి నీడలో పడుకోబెట్టేస్తారు. ముందు పెదాలు, గోళ్ళు చూడండి! నీలంగానో బూడిద రంగులోనో ఉంటే వెంటనే బట్టలు తీసేసి సబ్బుతో బాగా కడగండి, ఒట్టి నీళ్ళలో ఇది సరిగ్గా కరగదు, వేడినీళ్ళు మాత్రం వద్దు. కడిగేలోపే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, ఎస్‌డీఎస్ (ఆ రసాయనం ప్రమాదాలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్) కాగితం చేతికిచ్చి పంపండి, డాక్టర్‌కి నైట్రోఅనిలిన్ అని పేరు పెట్టి చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ని ఈ కేసులో నమ్మడానికి లేదు, మెథెమోగ్లోబిన్ బాగా పెరిగితే రీడింగ్ 85 దగ్గరే ఆగిపోతుంది. విరుగుడు మిథిలీన్ బ్లూ, అది డాక్టరే ఇవ్వాలి, జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకి అది పడదు కాబట్టి సీజన్ మొదలవకముందే ఆ టెస్ట్ చేయించి రిపోర్ట్ ఫైల్‌లో పెట్టించుకోండి.

లక్షణాలు కొన్ని గంటలు ఆగి కూడా వస్తాయి. షిఫ్ట్ దిగాక ఆ సాయంత్రం మద్యం జోలికి పోవద్దు, అది దీన్ని ఇంకా ముదురుస్తుంది. డ్రెస్ ఇంటికి తేవద్దు, లెదర్ బూట్లకి పట్టిందంటే ఇక పారేయడమే.

ఓఎన్ఏ తయారుచేసే యూనిట్ అయితే రియాక్టర్ సంగతి కూడా ఉంది. 1969లో అమెరికా ఇల్లినాయ్‌లోని సాగెట్‌లో ఓఎన్ఏ రియాక్టర్‌లో పోసిన సరుకుల పాళ్ళు మారాయి, కూలింగ్ కాసేపు ఆగింది, రప్చర్ డిస్క్ (ప్రెషర్ పెరిగితే పగిలి దాన్ని బయటికి వదిలే రేకు) పగలాల్సినప్పుడు పగల్లేదు, రియాక్టర్ పేలిపోయింది. మన దగ్గర ఎండాకాలం కూలింగ్ వాటర్ వేడెక్కుతుంది, కరెంట్ కూడా పోతుంటుంది, అందుకే జనరేటర్, స్టాండ్‌బై పంపు, రప్చర్ డిస్క్ మూడూ మార్చిలోనే చెక్ చేయించమని సూపర్‌వైజర్ గారిని గట్టిగా అడగండి.