బునాకెన్ గోడ దగ్గర నీళ్లలోకి దిగేముందు

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేసి, నాలుగైదు డైవ్‌లు కాగానే ఇండోనేషియాలోని బునాకెన్‌కు టికెట్లు తీసుకుంటున్న మనవాళ్లు ఈ మధ్య నాకు తరచూ తగులుతున్నారు. వెళ్లండి, చూసి తీరాల్సిన చోటు. కానీ మీరు నేర్చుకున్నచోట కాళ్ల కింద ఇసుక ఉంది, ఇక్కడ ఉండదు. ఈ ఒక్క తేడాతో జాగ్రత్తలన్నీ మారిపోతాయి.

బునాకెన్ ఉత్తర సులవేసిలో మనాడో నగరానికి ఎదురుగా ఉన్న దీవి. చుట్టుపక్కల దీవులతో కలిపి 1991లో దీన్ని జాతీయ సముద్ర పార్కు చేశారు. ఒడ్డు నుంచి పగడపు దిబ్బ తక్కువ లోతులో కొంతదూరం సాగి, ఉన్నట్టుండి తెగిపోతుంది. ఆ అంచు నుంచి నిట్టనిలువు గోడ. మనలాంటి సరదా డైవర్లకు హద్దు 40 మీటర్లు, గోడ దాన్ని దాటి చాలా లోతుకు పోతుంది. పక్కనున్న మనాడో తువా దీవి దగ్గర 1998లో మత్స్యకారుల వలకు సీలకాంత్ చిక్కింది. డైనోసార్ల కాలంలోనే అంతరించిందని 1938 దాకా అందరూ అనుకున్న చేపల కుటుంబం అది. వంద మీటర్లు దాటిన లోతులు దాని ఇల్లు. మీరు ఈదుతున్నప్పుడు మీ కింద ఉన్నది ఆ లోతే.

నాకు ఈ సంగతి బునాకెన్‌లోని లెకువాన్ గోడ మీద తెలిసొచ్చింది. అనుకున్న లోతు 22 మీటర్లు. గోడలోని గూటి నుంచి పెద్ద సముద్రపు తాబేలు ఒకటి లేచింది. దాని వీపు మీద నాచు దువ్వినట్టు ఒకే వైపుకు ఊగుతోంది. రెక్కలు ఆడించకుండానే కిందికి వాలుగా జారుకుంది, నేనూ దాని వెంటే జారాను. కిందికి పోతున్నానన్న ఊహే లేదు. గైడ్ ట్యాంకు మీద టకటకా కొడితే మణికట్టుకున్న డైవ్ కంప్యూటర్‌లో లోతు చూసుకున్నాను. 31 మీటర్లు. అప్పుడు బీసీడీలోకి, అంటే గాలి నింపితే తేల్చే జాకెట్‌లోకి, గాలి ఊది పైకి రావడానికి నేను పడ్డ అవస్థ ఇంకా గుర్తుంది.

ఇలా ఎందుకవుతుందంటే, నీళ్లు తేటగా ఉంటే 15 మీటర్ల వెలుగుకూ 30 మీటర్ల వెలుగుకూ తేడా కంటికి ఆనదు. పైగా దిగేకొద్దీ ఒంటి మీది రబ్బరు వెట్‌సూట్ నీటి ఒత్తిడికి నలిగిపోయి తేలే గుణం పోగొట్టుకుంటుంది. మీరు బరువెక్కుతారు, బరువెక్కితే ఇంకా వేగంగా దిగుతారు. ఇసుక ఉన్నచోట నేల ఆపుతుంది. ఇక్కడ ఆపేది మీ చేతికున్న అంకె ఒక్కటే. అందుకే పడవలోనే బడ్డీతో, అంటే మీతో జతగా దిగేవాళ్లతో, ఒక అంకె అనుకోండి. ఓపెన్ వాటర్ వాళ్లకు 18, తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్ చేసినవాళ్లకు 30 మీటర్లు. డైవ్ కంప్యూటర్‌లో ఆ లోతుకు అలారం పెట్టుకోండి. ఎంత అందమైనది కనిపించినా ముందు అంకె చూసి, తర్వాత దాని వైపు కదలండి. కంప్యూటర్ ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి, ఇద్దరికీ కలిపి ఒకటి కుదరదు. 30 మీటర్ల దగ్గర నైట్రోజన్ మత్తు కూడా మొదలవ్వచ్చు. మత్తులో ఉన్నవాడికి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది, అసలు ప్రమాదం అదే. నైట్రాక్స్, అంటే మామూలు గాలికన్నా ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం, నింపిన ట్యాంకు ఇస్తే మరీ జాగ్రత్త. 32 శాతం ఆక్సిజన్ మిశ్రమంతో 33 మీటర్లు దాటకూడదు.

గాలి లెక్క కూడా ముందే వేసుకోండి. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల లోతులో 80 లీటర్లు పీలుస్తాడు. 11 లీటర్ల ట్యాంకులో గాలి ఒత్తిడి 200 బార్ ఉంటే, 50 బార్ అట్టిపెట్టుకోగా అక్కడ మిగిలేది ఇరవై నిమిషాలే. టెన్షన్ పడితే అదీ ఉండదు. కాబట్టి లోతైన భాగం ముందు చూసేసి, మెల్లగా గోడ వెంట పైకి వస్తూ మిగతా సమయం గడపండి. నిజానికి గోడలో బాగా రంగులున్నదీ, వెలుగున్నదీ పై 15 మీటర్లే.

ఇక ప్రవాహం. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు ఎక్కువ, ప్రవాహాల జోరూ ఎక్కువే. టికెట్లు కొనేముందు ఒకసారి పంచాంగం చూసుకోండి, మొదటి రెండు రోజులు ఆ తిథుల మీద పడకుండా. నీళ్లు గోడ వెంట పక్కకు పారితే మంచిదే, దానితో కొట్టుకుపోతూ చూడటమే ఇక్కడి పద్ధతి. పడవ మన బుడగల వెంట వస్తుంది. గోడ మూలల దగ్గర మాత్రం నీరు ఒక్కోసారి కిందికి లాగుతుంది. చేపల్ని గమనిస్తూ ఉండండి. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెడుతుంది. చిన్న చేపల గుంపు తలలన్నీ పైకి పెట్టి ఈదుతుంటే నీరు కిందికి పారుతున్నట్టే. మీరు వదిలిన బుడగలు పైకి పోకుండా చుట్టూ తిరుగుతున్నా అదే గుర్తు.

అలా చిక్కుకుంటే నిలువుగా పైకి తన్నుకోవద్దు, గాలి అయిపోతుంది. గోడ అందేంత దగ్గరుంటే పగడం లేని బోడి రాయి పట్టుకుని మెల్లగా పైకి పాకండి. గోడ అందకపోతే దానికి దూరంగా, ఏటవాలుగా బయటికి ఈదండి. లాగుడు సాధారణంగా గోడ పక్కనే ఉంటుంది. బీసీడీలో కొంచెం గాలి నింపండి, కానీ లాగుడు వదిలిన క్షణంలోనే ఆ గాలి తీసేయాలి. మరిచిపోతే బెండులా పైకి దూసుకుపోతారు, ఊపిరితిత్తులకు అది ప్రాణాంతకం. పైకి వచ్చేది ఎప్పుడైనా నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు, ఊపిరి ఆగకూడదు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

బడ్డీ కనిపించకపోతే ఒక్క నిమిషం వెతికి పైకి రండి. లోతుకు వెతుక్కుంటూ దిగకండి. పైన పడవకు కనిపించడానికి నారింజ రంగు ఎస్‌ఎంబీ (గాలి నింపి నీళ్ల మీద నిలబెట్టే గొట్టం), ఒక విజిల్ మీ జేబులోనే ఉండాలి, గైడ్ దగ్గర ఉంటే సరిపోదు.

మొదటి రోజు తక్కువ లోతులో ఒక డైవ్ చేసి, మునగడానికి కట్టుకునే బరువులు సరిచూసుకోండి. 50 బార్ మిగిలిన ట్యాంకుతో 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలిగితే బరువు సరిపోయినట్టు. జలుబు ఉంటే దిగకండి. మందు వేసుకుని దిగితే నీళ్లలో ఉండగానే దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవుల్లో గాలి ఇరుక్కుంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే డాక్టర్‌ను అడగాలి. గర్భవతులు అసలు దిగకూడదు. మెడికల్ ఫారంలో నిజం రాయండి. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టినవాళ్లకు ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఎక్కడుంది అని డబ్బు కట్టకముందే అడగండి. ఈ ప్రశ్నకు విసుక్కునే చోట నేను దిగను.

వర్షాలు నవంబర్ నుంచి మార్చి దాకా. అప్పుడు అలలు పెరుగుతాయి, మనాడో వైపు నుంచి చెత్త కూడా కొట్టుకొస్తుంది. కుదిరితే మే, అక్టోబర్ మధ్య వెళ్లండి.

చివరిగా, చాలామంది పట్టించుకోని విషయం. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేశాక 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదని అందరికీ తెలుసు. ఆ ఖాళీ రోజున హోటల్ వాళ్లు తొమొహోన్ కొండలకో, మహావు అగ్నిపర్వతానికో కారు పెడతామంటారు. మహావు శిఖరం 1,300 మీటర్ల పైమాటే. ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గి, డైవ్‌లలో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. దానికి విమానమైనా కొండైనా ఒకటే. కొండ చూడాలనుంటే వెళ్లిన మొదటి రోజే, డైవ్‌లు మొదలుపెట్టకముందే చూసి రండి. ఆఖరి రోజు ఒడ్డున ఉండి బాగా నీళ్లు తాగండి. కీళ్ల నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, అంతులేని అలసట, వీటిలో ఏది కనిపించినా నిద్రపోతే తగ్గుతుందిలే అనుకోకుండా వెంటనే డైవ్ సెంటర్‌కు చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి.