పూటకు ఒక్కటి చాలు

పసిపిల్లలతో రెండు రోజుల విహారానికి వెళ్తుంటే, చూడాలనుకున్న చోట్ల చిట్టాలో సగం ముందే కొట్టేయండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చెట్లూ నీళ్లూ ఉన్న చోటు, సాయంత్రం నగరంలో ఏదో ఒక్కటి. మధ్యాహ్నం మాత్రం నిద్రకే. ఏడాది, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. అది చెడితే సాయంత్రం ఎంత గొప్ప ప్రదర్శనశాలైనా ఏడుపుతోనే ముగుస్తుంది. బస కూడా నడిబొడ్డున కన్నా, పార్కుకు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉంటే హాయి.

మా మూడేళ్లది ఒకసారి జలపాతం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. దారిలో చీమల బారు కనిపిస్తే, ఎండుటాకు అడ్డం పెట్టి, అవి దాన్ని చుట్టి వెళ్లడం చూస్తూ అరగంట చతికిలబడింది. మొదట విసుక్కున్నాను. తర్వాత నేనూ పక్కనే కూర్చున్నాను, ఇంకో ఆకు అందిస్తూ.

నీళ్ల దగ్గర మాత్రం ఈ తీరిక పనికిరాదు: పెద్దవాళ్లు ఒకరు చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి, ఫోను సంచిలో ఉండాలి. ఒక జత పొడి బట్టలు పెట్టె అడుగున కాకుండా ఆ సంచిలోనే పైన పెట్టుకోండి.