విశాఖ నుంచి భీమిలి దాకా: బౌద్ధ కొండలు, డచ్చివారి రేవు ఒక్క రోజులో చూడటం ఎలా?

విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సముద్రం పక్కనే సాగే రోడ్డు 28 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాలామంది నేరుగా భీమిలి చేరి, తిరుగుదారిలో కొండలెక్కుతారు. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంది, పైన నీడ తక్కువ. పది నిమిషాల్లో దిగొచ్చి "అక్కడేముంది, ఇటుకలే కదా" అంటారు. అందుకే పొద్దున్నే కొండలు, మధ్యాహ్నం తర్వాత ఊరు పెట్టుకోండి.

బయల్దేరే ముందు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానల్లో రాళ్లు పాచిపట్టి జారతాయి. మనిషికి 2 లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, ఒక గొడుగు ఉండాలి. గేటు తెరిచే వేళలు ముందురోజే కనుక్కోండి.

బస్సయితే బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే 900కె ఎక్కాలి. భీమిలి బోర్డున్న బస్సులన్నీ ఈ దారిన రావు. కొన్ని ఆనందపురం వైపు నుంచి తిరిగి వెళ్తాయి కాబట్టి ఎక్కేముందు కండక్టర్ని అడగండి. బస్సు దిగాక, బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండకు ఘాట్ రోడ్డంతా నడకే. ఆటో అయితే వెయిటింగుతో కలిపి రానూపోనూ మాట్లాడుకోండి. ఒకవైపుకే మాట్లాడుకుంటే కొండ మీద ఇంకో ఆటో దొరకడం కష్టం.

తొట్లకొండ: రెండు గంటలు

సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీది శిథిలాలు 1976లో నౌకాదళం విమానంలో సర్వే చేస్తుండగా బయటపడ్డాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపింది. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. సముద్ర వ్యాపారం ఈ కొండ దాకా ఎలా వచ్చి తాకిందో ఆ నాణేలే చెబుతాయి.

పైకి చేరగానే స్తూపం దగ్గరికి పరుగెత్తకండి. ముందు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడండి. కొండకు ఆ పేరు వచ్చింది వాటివల్లే. వానాకాలంలో మూడు నెలలూ ఒకేచోట ఉండాల్సిన భిక్షువులకు నీళ్లే మొదటి అవసరం. తొట్టి అంచున నిలబడి, చుట్టూ రాతి వాలు ఎటువైపు ఉందో గమనిస్తే వాననీరు ఏ దారిన లోపలికి చేరేదో తెలుస్తుంది.

తర్వాత విహారాల గదులకు రండి. ఒక్కో గది ఎంత చిన్నదో అడుగులేసి కొలవండి. ఆపై వంటశాల, భోజనశాల, చివరికి మహాస్తూపం. ఈ వరుసలో నడిస్తే ఇటుక గోడలు ఓ ఊరిలా అర్థమవుతాయి. ఇది బుద్ధుణ్ని విగ్రహంగా కొలవని హీనయాన శాఖ క్షేత్రం కాబట్టి బుద్ధ విగ్రహం కోసం వెతక్కండి. గోడలెక్కి ఫొటోలు దిగవద్దు. 2019 అక్టోబరు వానలకు స్తూపం కొంత కూలితే తర్వాత బాగుచేశారు.

సొంత బండి ఉంటే తిమ్మాపురం దగ్గర్లోని బావికొండ కూడా చూడండి. జనం తక్కువ. బుద్ధుడి అవశేషంగా భావించే ఎముక ముక్క దొరికింది అక్కడే. పూట మాత్రమే ఉంటే దాన్ని వదిలేసి తొట్లకొండే నిదానంగా చూడటం మేలు.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి ముందే వస్తాయి. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. ఇవి రాయి కావు, సరిగా గట్టిపడని ఇసుక. అంచుల మీద నడిస్తే కాలి కింద విరిగిపోతాయి, ఓ వానకే అక్కడ కొత్త గండి పడుతుంది. వాననీరు కోసిన గండ్ల అడుగునే నడవండి. అరగంట చాలు.

భీమిలి

భోజనమయ్యాక మూడు గంటలకు డచ్చివారి సమాధుల దగ్గరికి వెళ్లండి. 17వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన డచ్చివారు 1825లో ఈ రేవును ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. గేటుకు తాళముంటే చుట్టుపక్కల అడగండి, గోడ దూకొద్దు.

ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోయి, సూటిగా చూస్తే పలక నున్నగానే కనిపిస్తుంది. గొడుగు అడ్డుపెట్టి పలక మీద నీడ చేయండి. సెల్‌ఫోను టార్చిని రాతికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టండి. గాట్లలో నీడ చేరి అంకెలు, అక్షరాలు పైకి తేలతాయి. సుద్దముక్క రుద్దడం, నీళ్లు చల్లడం వద్దు. రుద్దితే పైపొర రాలుతుంది, నీళ్లు లోపలి ఉప్పును కదిలించి రాతిని పొరలుగా విడగొడతాయి.

అక్కణ్నుంచి గడియారస్తంభం, దీపస్తంభం చూసుకుంటూ గోస్తని నది సముద్రంలో కలిసేచోటికి నడవండి. ఈ ఊళ్లో మునిసిపాలిటీ 1861లోనే ఏర్పడింది. పాత వీధులు చూసుకుంటూ వెళ్తే ఆ వయసు తెలుస్తుంది. నదీముఖం దగ్గర నీళ్లలోకి దిగకండి. ఏటి పోటు, అలల లాగుడు కలిసి కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి.

ఆదివారమైతే చీకటి పడకముందే బయల్దేరండి. సాయంత్రం రుషికొండ దగ్గర వాహనాలు బారులు తీరతాయి, బస్సులో నిలబడి రావాల్సి ఉంటుంది.