శుక్లాల ఆపరేషన్: భార్యకో భర్తకో తోడు ఉండేవారు ఏం చేయాలి?

విదేశాల్లో ఉండే దంపతులు సెలవులకు వచ్చినప్పుడు విజయవాడలోనో గుంటూరులోనో శుక్లాల ఆపరేషన్ చేయించుకుని వెళ్లడం చూస్తూనే ఉన్నాం. తాడిగడపలో ఎల్‌వి ప్రసాద్ కంటి ఆసుపత్రి, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉండగా వైద్యానికి లోటు లేదు. లోటల్లా ఇంటికి వచ్చాక పక్కన ఉండేవారి పనిలోనే.

ముందు తేదీ. గన్నవరంలో దిగిన వారంలోనే ఆపరేషన్ పెట్టుకోండి. పెళ్లిళ్లూ గుళ్లూ అయ్యాక, తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు పెట్టుకోవద్దు. మర్నాడు, వారానికి, నెలకు డాక్టరు మళ్లీ చూడాలి. కళ్లజోడు నంబరు కూడా సుమారు నెల దాటాకే కుదురుతుంది. రెటీనా ఆపరేషన్ అయి కంట్లో గ్యాసు నింపితే, అది పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కనే కూడదు. పైకి వెళ్లేకొద్దీ ఆ గ్యాసు ఉబ్బి, కంటి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు.

ఎండాకాలం వద్దనీ, శుక్లం ముదరాలనీ పెద్దలు చెబితే ఆగకండి. ఇప్పటి పద్ధతిలో కోత రెండు మూడు మిల్లీమీటర్లే, సాధారణంగా కుట్టు కూడా పడదు. ముదిరితే శుక్లం గట్టిపడి పని కష్టమవుతుంది.

బీపీ, షుగరు మందుల పేర్లు రాసి తీసుకెళ్లండి. ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వాడుతుంటే ముందే చెప్పాలి, అది కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను (ఐరిస్) వదులు చేస్తుంది. ఆపరేషన్ పావుగంట, ఇరవై నిమిషాలు. మీరు బయట కూర్చోవడమే.

అసలు పని చుక్కల మందు. వారం వారం తగ్గిస్తూ నెలకు పైగా వేయాల్సి ఉంటుంది. ఇక్కడే అందరూ పాడు చేస్తున్నారు. ఉదయం కోడలు, మధ్యాహ్నం బావమరిది, రాత్రి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. అలా కుదరదు. వేసేది ఒక్కరే, అదీ మీరే. ఫోను అలారం నమ్మకండి. కాగితం మీద గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించి, వేసిన ప్రతిసారీ టిక్కు పెట్టండి.

చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. మనిషిని కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చోబెట్టడం నాకు సరిపడదు; మెడ లాగుతుంది, కన్ను అదురుతుంది. దిండు తీసి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పాలలా ఉండే మందైతే సీసా బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. పై రెప్పను ముట్టుకోకండి. కింది రెప్పను చెంప ఎముక మీదికి మెల్లగా లాగితే ఎర్రగా చిన్న జేబులాంటి చోటు కనిపిస్తుంది. పైకి చూడమనండి. చుక్క అందులో పడాలి, నల్లగుడ్డు మీద కాదు. సీసా మూతి రెప్పకూ వెంట్రుకకూ తగలకూడదు. తగిలితే సూక్ష్మజీవులు సీసాలోకి చేరి, తర్వాతి చుక్కతో కంట్లోకే వెళ్తాయి.

ఒక్క చుక్క చాలు. కన్ను అంతకు మించి పట్టదు, రెండోది చెంప మీదికి కారిపోతుంది. కన్ను మెల్లగా మూయించి, ముక్కు పక్కన లోపలి మూలను వేలితో నిమిషం పాటు ఆనించి ఉంచండి. లేకపోతే మందు గొంతులోకి జారి చేదుగా తగులుతుంది. రెండో మందుకు కనీసం ఐదు నిమిషాల ఎడం. వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది. కన్ను ఎర్రగా లేదని మందు మధ్యలో మానేయవద్దు. తేనె, ఆముదం, చనుబాలు దగ్గరికే రానివ్వకండి.

పడుకునేటప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన ప్లాస్టిక్ కప్పు పెట్టి టేపు వేయండి. నిద్రలో చెయ్యి కంటి మీదికే పోతుంది. తలస్నానం డాక్టరు చెప్పాకే. పొయ్యి పొగ, దుమ్ము, చూడటానికి వచ్చే చుట్టాల రద్దీ తగ్గించండి.

నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, చూపు మసకబారినా, ఎరుపు ముదిరినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే గంటల ఆలస్యం కూడా చూపును దెబ్బ తీస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, కంట్లో అమర్చిన లెన్సు వివరాల కార్డు, మిగిలిన చుక్కల మందు, చీటీ చేతి సంచిలోనే పెట్టుకోండి. అక్కడి డాక్టరు మొదట అడిగేవి అవే.