వర్చువల్ డిస్క్ ఇమేజ్ టూల్‌లో కోడ్ మార్పును రివ్యూ చేయడం ఎలా?

వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) తన హార్డ్ డిస్క్ అనుకునేది చాలాసార్లు హోస్ట్ కంప్యూటర్‌లోని ఒక మామూలు ఫైలే. దాన్నే డిస్క్ ఇమేజ్ అంటారు. ఆ ఫైలును సృష్టించడానికి, ఒక ఫార్మాట్ నుంచి మరొక ఫార్మాట్‌కు మార్చడానికి, పరిమాణం పెంచడానికి, దెబ్బతిన్నదేమో చూడడానికి లినక్స్‌పై విరివిగా వాడే టూల్, వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎము ప్రాజెక్టులోని క్యూఎము-ఐఎంజీ. వెబ్ పేజీలో బటన్ రంగు తప్పితే మర్నాడు సరిచేయవచ్చు. ఇక్కడ తప్పు దొర్లితే ఎవరిదో డేటాబేస్ చెడిపోతుంది, ఆ సంగతి నెలల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. కాబట్టి రివ్యూ చేసేవారు కోడ్ అందంగా ఉందా అని చూసేముందు, ఈ పని సగంలో ఆగిపోతే ఫైలులో ఏం మిగులుతుందని అడగాలి.

ముందు సందేశం, తర్వాత కోడ్

క్యూఎముకు మార్పులు ఈమెయిల్ ద్వారా ప్యాచ్‌ల (చిన్న చిన్న కోడ్ మార్పుల) వరుసగా వస్తాయి. ప్రతి ప్యాచ్‌కూ ఒక కమిట్ సందేశం, రాసినవారి సంతకం లాంటి ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుస ఉంటాయి. ఏం మార్చారో కోడే చెబుతుంది, ఎందుకు మార్చారో సందేశం చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది చదివేముందే అడగడం మేలు. ఫంక్షన్ పేరు మార్చడం, లోపం సరిచేయడం ఒకే ప్యాచ్‌లో కలిసి వస్తే విడదీయమని కోరండి. రేపు ఏదైనా చెడిపోయి, ఏ ప్యాచ్ వల్ల చెడిందో, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ సాయంతో వెతికేవారికి ఆ విభజనే ఆధారం.

మార్పును మీ యంత్రంలో కలిపి, బిల్డ్ చేసి, మారిన ఫంక్షన్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవండి. పాత, కొత్త కోడ్‌ల తేడా చూపే డిఫ్ సాధారణంగా మారిన చోటుకు పైనా కిందా మూడేసి వరుసలే చూపిస్తుంది. ఆ మూడు వరుసల అవతల మధ్యలోనే తిరిగిపోయే రిటర్న్ ఉందా, అప్పటిదాకా తీసుకున్న మెమరీని, లాక్‌ను ఆ దారిలో వదిలారా అన్నది డిఫ్‌లో కనబడదు. ఖాళీలు, బ్రాకెట్ల సంగతి ప్రాజెక్టులోని చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చూసుకుంటుంది, మీ సమయం దానిపై పెట్టకండి.

రాసే వరుసక్రమం

అసలు రివ్యూ ఇక్కడ మొదలవుతుంది. క్యూఎము సొంత ఇమేజ్ ఫార్మాట్ అయిన క్యూకౌ2, ఇమేజ్‌ను క్లస్టర్లు అనే సమాన ముక్కలుగా విభజిస్తుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే ఒక్కో క్లస్టర్ 64 కిలోబైట్లు. ఏ క్లస్టర్ వాడకంలో ఉందో రిఫ్‌కౌంట్ పట్టికలు చెబుతాయి, గెస్ట్ (అంటే వర్చువల్ మెషీన్) డిస్క్‌లోని ఏ చోటు ఏ క్లస్టర్‌లో ఉందో ఎల్1, ఎల్2 పట్టికలు చెబుతాయి. కొత్త క్లస్టర్ కేటాయించేటప్పుడు ముందు రిఫ్‌కౌంట్ డిస్క్‌పైకి చేరి, ఆ తర్వాతే ఎల్2 పట్టికలో దాని చిరునామా పడాలి. ఈ క్రమం తలకిందులై మధ్యలో కరెంటు పోతే, వాడకంలో ఉన్న క్లస్టర్ లెక్కల్లో ఖాళీగా కనిపిస్తుంది. రిజిస్టర్‌లో రాయకుండా సత్రం గది తాళం ఇచ్చేస్తే అదే గది ఇంకొకరికి కూడా ఇచ్చినట్టు, తర్వాతి కేటాయింపు అదే క్లస్టర్‌ను మళ్లీ తీసుకుంటుంది, ఒకరి డేటా మీద ఇంకొకరిది పడుతుంది. క్రమం సరిగ్గా ఉండి ఆగిపోతే మాత్రం ఒక క్లస్టర్ వృథా అవుతుందంతే.

టూల్ కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. చెక్ కమాండ్ ఇమేజ్ పాడైతే 2, క్లస్టర్లు వృథాగా మిగిలితే 3 ఎగ్జిట్ కోడ్‌గా (పని ముగిశాక తిరిగి ఇచ్చే సంఖ్యగా) ఇస్తుంది. కాబట్టి పట్టికలను తాకే ప్రతి ప్యాచ్‌లో రెండు రాతల మధ్య వేలు పెట్టి, ఇక్కడ ఆగితే 3 వస్తుందా, 2 వస్తుందా అని అడగండి. 2 వచ్చే చోటు ఒక్కటి ఉన్నా ప్యాచ్‌ను వెనక్కి పంపవచ్చు. అయితే క్రమాన్ని కావాలనే సడలించే ‘లేజీ రిఫ్‌కౌంట్’ పద్ధతి కూడా ఉంది. అప్పుడు ఇమేజ్ మొదట్లోని హెడర్‌లో, రిఫ్‌కౌంట్ లెక్కలు నమ్మదగినవి కాకపోవచ్చని చెప్పే డర్టీ బిట్ ముందే పెట్టి ఉండాలి. అనుమానాన్ని రుజువు చేయడానికి బ్లాక్‌డీబగ్ అనే డ్రైవర్ ఉంది, కోరిన చోట రాత విఫలమయ్యేలా అది చేయగలదు.

గుణకారాలు

పరిమాణాలు లెక్కించే ప్రతి వరుస దగ్గరా ఆగండి. క్లస్టర్ల సంఖ్య ఒక ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం), క్లస్టర్ పరిమాణం ఇంకో ఇంట్ అనుకుందాం. ఫలితాన్ని 64 బిట్ల చరరాశిలో పెట్టినా గుణకారం మాత్రం 32 బిట్లలోనే జరుగుతుంది. 32,768 క్లస్టర్లను 65,536తో గుణిస్తే సరిగ్గా 2 గిగాబైట్లు, అక్కడే లెక్క పొంగిపోతుంది. 64 మెగాబైట్ల ఇమేజ్‌తో పరీక్షించినవారికి ఇది ఎప్పటికీ కనిపించదు. 3 టెరాబైట్ల ఖాళీ క్యూకౌ2 ఇమేజ్ డిస్క్‌పై కొన్ని వందల కిలోబైట్లే తీసుకుంటుంది కాబట్టి, పెద్ద పరిమాణంతో పరీక్షించలేకపోయామన్న మాటను ఒప్పుకోనక్కర్లేదు. 64 కిలోబైట్ల క్లస్టర్లతో ఒక్కో ఎల్2 పట్టిక 512 మెగాబైట్లకు సరిపోతుంది, ఆ సరిహద్దును దాటే పరీక్ష కూడా అడగండి.

ఇమేజ్‌ను నమ్మకండి

ఇమేజ్ ఫైలు ఎవరో అపరిచితులు అప్‌లోడ్ చేసినదై ఉండవచ్చు. హెడర్ నుంచి చదివిన ప్రతి సంఖ్యనూ వాడేముందు హద్దులతో పోల్చి చూశారా అని పరిశీలించండి. 2014లో క్యూఎము ఇమేజ్ డ్రైవర్లలో ఇలాంటి లోపాలు గుంపుగా సరిచేయాల్సి వచ్చింది. 2024లో బయటపడినది ఇంకా ఆలోచింపజేసేది. ఇమేజ్ వివరాలు చూపించడం తప్ప వేరే పని లేని ఇన్ఫో కమాండ్‌నే ప్రత్యేకంగా తయారుచేసిన ఇమేజ్‌తో మోసగించి, హోస్ట్‌లోని వేరే ఫైలును తెరిపించే వీలుండేది. ‘ఇది చదవడమే కదా’ అనే కమాండ్‌కు రివ్యూలో మినహాయింపు ఇవ్వకండి.

వాడేవారి వైపు

ఇన్ఫో కమాండ్ ఇచ్చే జేసన్ (ప్రోగ్రాములు సులువుగా చదివే రూపం) అవుట్‌పుట్‌ను ఓపెన్‌స్టాక్ వంటి క్లౌడ్ వ్యవస్థలు చదువుతాయి. కొత్త ఫీల్డ్ చేర్చవచ్చు గానీ ఉన్నదాని పేరు మార్చడం తగదు. పాత అలవాటును మాన్పించాలంటే గడువివ్వాలి. బ్యాకింగ్ ఫైలు (కొత్త ఇమేజ్ ఆధారపడే మూల ఇమేజ్) ఫార్మాట్ చెప్పకుండా ఇమేజ్ సృష్టించడాన్ని క్యూఎము 5.1 వెర్షన్‌లో వద్దని ప్రకటించి, 6.1లో గానీ పూర్తిగా ఆపలేదు. డేటా పోగొట్టగల పనికి స్పష్టమైన అనుమతి తీసుకుంటున్నారా అన్నదీ చూడాలి. రీసైజ్‌తో ఇమేజ్‌ను కుదించాలంటే ‘ష్రింక్’ ఆప్షన్ ప్రత్యేకంగా ఇవ్వాలన్న నియమం ఇందుకే. డాక్యుమెంటేషన్ కూడా అదే ప్యాచ్‌ల వరుసలో మారి ఉండాలి.

టెస్టులు, వ్యాఖ్యలు

ఇమేజ్ కోడ్‌ను పరీక్షించే ఐఓటెస్ట్‌లను క్యూకౌ2తోనూ, పట్టికలేవీ లేని రా ఫార్మాట్‌తోనూ నడపండి. ఇవి ఫలితాన్ని ముందే దాచిన నమూనా ఫైలుతో పోల్చుతాయి. ప్యాచ్ ఆ నమూనా ఫైలునే మార్చిందంటే జాగ్రత్తపడాలి, మారిన ప్రతి వరుసకూ కారణం అడగండి. కొత్త టెస్టును పాత కోడ్‌పై నడిపి అది విఫలమవుతుందని కళ్లారా చూడండి. పాత కోడ్‌లోనూ నెగ్గే టెస్టు ఆ లోపాన్ని పట్టుకోదు.

వ్యాఖ్య రాసేటప్పుడు ‘ఇది బాగోలేదు’ అనకుండా, ఏ పరిమాణంతో, ఏ చోట ఆగితే ఏమవుతుందో రాయండి. తప్పనిసరిగా మార్చాల్సినవి, ఇష్టమైతే మార్చుకోదగ్గవి వేరుగా చెప్పండి. సవరించిన రెండో విడత వచ్చాక గిట్ రేంజ్-డిఫ్‌తో రెండు విడతలనూ పోల్చండి. మీరు అడగనిది కూడా మారి ఉంటే ఆ ప్యాచ్‌ను మళ్లీ కొత్తదానిలా చదివి, ఆ తర్వాతే మీ పేరుతో ‘రివ్యూడ్-బై’ వరుస ఇవ్వండి.